కాడిమాను దించిన ఆదివారం

నాకు దేవుని మాట మొదట వినపడింది విసురురాయి చప్పుడు మీద.

తెల్లారకముందే లేసి జొన్నలు విసిరేదాన్ని. మా ఆయప్ప గుంజకు ఆనుకోని, కిరసనాయిలు బుడ్డి పక్కన పెట్టుకోని బైబులు చదివేటోడు. మా ఆయప్ప అంటే నా మొగుడు. ఆళ్లగడ్డకు, రుద్రవరానికి నడాన ఉండే ఊరు మాది. ఆ ఊర్లో మా వాడను గేరి అంటారు, ఆ గేరి చర్చికి ఆయప్ప ఉపదేశి. గంట కొట్టేది, ఆదివారం ప్రార్థన జరిపించేది, పిల్లోళ్లకు అక్షరాలు చెప్పేది, ఎవరన్నా పోతే ముందర నడిచేది అంతా ఆయప్పే. పెద్ద అయ్యగారు నంద్యాలలో ఉండేటోడు. నెలకో మాటు వచ్చి రొట్టె, ద్రాక్షరసం ఇచ్చి పోయేటోడు. మిగతా దినాలు మాకూ దేవునికీ నడుమ ఉండింది మా ఆయప్ప గొంతొకటే.

రాయి తిరిగితే మబ్బు ఉరిమినట్ల ఉంటాది. దాని మీద వినపడాలంటే మనిషి గట్టిగ చదవాల.

"మెల్లగ తిప్పు మే. ప్రవక్త చెప్పేది నాకే వినపడ్లా" అనేటోడు.

"మెల్లగ తిప్పితే పొద్దెక్కినా సంగటి కాదు. నీ ప్రవక్తనే కొంచెం గట్టిగ చెప్పమను."

నవ్వేటోడు. నవ్వి గొంతు పెంచేటోడు. అట్ల ఏండ్లకేండ్లు పెంచి పెంచి, ఊరవతల చేండ్ల దాకా పోయే గొంతయింది ఆయప్పది. గేరిలో వాళ్ళు దాన్ని గంట కన్నా ముందు లేసే గంట అనేటోళ్లు. నాకు పెళ్ళయింది పంతొమ్మిదివందల డెబ్బై దాటినాక. ఎనభై దాటిందాకా నేను విసిరింది, ఆయప్ప చదివింది. మాకు కడుపు పండలేదు. ఇంట్లో ఉండేవి రెండే చప్పుళ్ళు, ఆ రాయి, ఆ గొంతు.

నాకు చదువు రాదు. పేరు గీస్తా, బస్సు మీద నంద్యాల అని ఉంటే గుర్తుపడతా. ఇది కూడా నేను చెప్తాంటే రాసేటోళ్ళు రాస్తాండారు. కానీ ప్రవక్తలు నాకు బాగా తెలుసు. ఎట్ల తెలుసంటే, వాళ్ళు ఒట్టి మాటలు చెప్పినోళ్ళు కాదు. ఒకాయప్పను దేవుడు కొత్త నడికట్టు కొని రాళ్ళ సందున దాచిపెట్టమన్నాడు. కొన్నాళ్ళకు పోయి తీస్తే అది చివికిపోయి ఉండె. నా జనం కూడా ఇట్లే చివికిపోయినారు అన్నాడు దేవుడు. ఇంకొకాయప్పను ఇటుక మీద పట్నం బొమ్మ గీసి దాని పక్కన పండుకోమన్నాడు. ఒకాయప్పను కుమ్మరోని ఇంటికి పోయి ఊరికే చూడమన్నాడు. గుడ్డ, ఇటుక, కుండ. ఇవి నాకు తెలిసిన వస్తువులే కదా. అక్షరాలు రానోళ్లు కూడా ఉంటారని దేవునికి తెలుసనుకుంటా. ప్రవక్తది నోరొకటే వాడుకోడు ఆయన, ఒళ్ళంతా వాడుకుంటాడు.

పొద్దున విన్నది నేను కలుపు కాడ చెప్పేదాన్ని. శెనిగ చేన్లో వంగి కలుపు తీస్తాంటే పక్క సాలులో ఆడోళ్ళు అడిగేటోళ్ళు.

"ఉపదేశమ్మా, ఈ పొద్దు ఏ ప్రవక్తను పట్టుకొచ్చినావ్?"

"యెషయాను. కాళ్ళకు చెప్పుల్లేకుండా, ఒంటి మీద గుడ్డ లేకుండా ఏండ్ల పొడుగునా తిరగమన్నాడంట దేవుడు."

"అయ్యయ్యో! ఇంట్లో ఆడది లేదా ఆయప్పకు? గుడ్డ కట్టి పంపీకుండా?"

"ఉండాది. ఆయమ్మను కూడా ప్రవక్తనే అంటారంట."

"అయితే ఇద్దరికిద్దరూ సరిపోయినారు లే!"

చేను గట్టున, గెనెం మీద, చేను పెద్దాయన నిలబడేటోడు. ఆయప్ప మా మతం కాదు, ఊర్లో పెద్ద రైతు. "ఏందమ్మే ఆ నవ్వులు? కలుపుతో పాటు శెనిగ చెట్లు కూడా పీకుతాండారా?" అని అదిలించి, కాసేపయినాక తనే అడిగినాడు. "ఎందుకంట అట్ల తిరగమనింది?"

"మీరు నమ్ముకున్న ఐగుప్తోళ్లను శత్రువు ఇట్లే గుడ్డల్లేకుండా చెరకు తోలుకపోతాడు అని జనానికి చూపించేదానికంట అయ్యా."

"నోటితో చెప్తే పాయ కదా."

"చెప్తే వినలేదంట."

"ఆఁ, మా ఇంట్లోనూ అంతే" అని పోయినాడు.

ఒకనాడు రాయి ఆపి నేను ఆయప్పను అడిగినా. "నీకు యానాడన్నా వినపడిందా? దేవుడు నిన్ను పిలిచి చెప్పినాడా?"

బుడ్డి వత్తి ఎగదోసినాడు. "లేదు మే. వాళ్ళకు వినపడింది. వాళ్ళకు వినపడిందాన్ని నేను చదువుతాండా. అంతే."

"బయట అట్ల చెప్పొద్దు. ఏం ఉపదేశివప్పా, నీకొక దర్శనం కూడా లేదా అంటారు."

"అంటే అననీ. దేవుడు చెప్పకుండా చెప్పినాడు అనేటోళ్ల మీద ఆ యిర్మీయా ఎంత మండిపడినాడో నువ్వు విన్లేదా? నా మాటల్ని దొంగిలిస్తాండారు అన్నాడు దేవుడు. నేను ఏం లేకపోయినా ఉంటా గానీ, ఆ దొంగతనం నా వల్ల కాదు."

ఆ మాట మీద బతికిన మనిషి. ఎవరింటికన్నా ప్రార్థనకు పోతే, బిడ్డకు నయమైతాదా అని తల్లి కాళ్ళు పట్టుకునేది. దేవుణ్ణి అడుగుదాం అనేటోడు గానీ, అయితాది అనేటోడు కాదు. కొందరికి అది కోపం. నాకూ ఒక్కోసారి కోపం వచ్చేది. ఒక మంచి మాట చెప్తే ఏం పోతాది అని.

ఇంకొకటి చెప్పాల. మేం బాగా కొట్లాడుకుంది ఒక్క ప్రవక్త మీదనే. యెహెజ్కేలు. ఆయప్పతో దేవుడు అంటాడు, నీ కండ్లకు ఇష్టమైన మనిషిని ఒక్క దెబ్బతో తీసేస్తా, నువ్వు ఏడవగూడదు, చాటుగా నిట్టూర్చు, తలపాగా కట్టుకో, చెప్పులు తొడుక్కో అని. పొద్దున జనంతో మాట్లాడినాడంట. సాయంత్రం పెండ్లాం చచ్చిపోయిందంట. తెల్లారి దేవుడు చెప్పినట్లే చేసినాడంట. జనం వచ్చి ఇదేంది అని అడిగితే, మీ గుడి కూలిపోయిననాడు మీరు కూడా ఏడ్చేదానికి లేకుండా ఉంటారు, దానికి గుర్తు ఇది అన్నాడంట.

నేను రాయి వదిలేసినా. "ఆయమ్మ పేరేంది?"

"రాయలేదు."

"చంపేదానికి మనిషి కావాల్సొచ్చింది గానీ పేరు అక్కర్లేదా? ఇదేం దేవుడయ్యా? జనానికి బుద్ధి చెప్పేదానికి ఎవరి పెండ్లామో చావాల్నా?"

ఆయప్ప బైబులు మూసినాడు. నేను సంగటి కెలకలేదు. ఆ పొద్దు ఇద్దరం పస్తున్నే పనికి పోయినాం. సాయంత్రం వచ్చి, "మే, ఆ దినం ఆ ప్రవక్తకు ఎట్ల ఉండిందో నాకు కూడా తెలీదు. చదివేటప్పుడు నాకు నోరెండిపోతాది" అన్నాడు. అంతకు మించి సర్దిచెప్పేదానికి చూడలేదు.

గొంతు చెడిపోవడం నాకు రాయి వల్లనే తెలిసింది. ఒకనాడు చదివింది వినపడలేదు, మెల్లగ తిప్పినా. కొన్నాళ్ళకు ఇంకా మెల్లగ తిప్పినా. పడిశం అన్నాడు. మిరియాల కషాయం ఇచ్చినా. వానలు పోయి చలి వచ్చేసరికి, ఆయప్ప చదివేటప్పుడు నేను రాయే తిప్పడం లేదు. చదవడం అయినాక విసిరేదాన్ని. పొద్దెక్కుతాండె, సంగటి ఆలస్యమైతాండె, ఇద్దరం దాని గురించి ఒక్క మాట అనుకోలేదు.

నంద్యాలకు తోలుకపోయినా. ఆడ డాక్టరు గొంతులోకి బ్యాటరీ లైటు వేసి చూసి, చేతులు కడుక్కోని, కర్నూలు పెద్దాసుపత్రికి రాసిచ్చినాడు. కర్నూల్లో క్యాన్సరు అని చెప్పి గొంతుకు కరెంటు పెట్టినారు. మెడ చర్మం కమిలిపోయి నల్లగయింది. గొంతు బొత్తిగా పోయింది. ఆడ డాక్టరు నన్ను పక్కకు పిలిచి, "అమ్మా, ఇంక తోలుకపో. తినగలిగింది పెట్టు. ఈ ఏడాది గడవడం కష్టం" అన్నాడు. ఆయప్ప తలుపు కాడనే నిలబడి విన్నాడు. వినకూడదని నేను తలుపు ముయ్యబోతే, చెయ్యి అడ్డం పెట్టి పూర్తిగా విన్నాడు.

తిరిగొచ్చేటప్పుడు నంద్యాల నుంచి ఆళ్లగడ్డ బస్సు. శిరివెళ్ల దాటినాక ఆయప్ప నా మోకాలు మీద తట్టినాడు. తన నోరు చూపిచ్చినాడు, అడ్డంగా తల ఊపినాడు. నా నోరు చూపిచ్చినాడు. నాకు అర్థమైంది. మోషే నాకు మాట తిరగదు అంటే దేవుడు అన్నను తోడిచ్చినాడు కదా, మీ అన్న నీకు నోరుగా ఉంటాడు అని.

"నాకు అక్షరమ్ముక్క రాదు. ఆడదాన్ని. నేను చెప్తే ఎవరు వింటారు?" అన్నా.

పక్క సీటులో ఒకాయప్ప, "ఎవరితో మాట్లాడుతాండావమ్మా? ఆయప్ప ఏం అన్లేదే" అన్నాడు.

అట్ల మొదలైంది. శనివారం సాయంత్రం ఆయప్ప నా ముందర ఒక వస్తువు పెట్టేటోడు. తాపీమేస్త్రి కాడ అడిగి తెచ్చిన తూకం గుండు పెడితే ఆమోసు ప్రవక్త కత. పచ్చి కుండ పెడితే కుమ్మరోని ఇల్లు. నేను ఆ కతను పైకి చెప్పాల. సరిగ్గా చెప్తే తల ఊపేటోడు, తప్పితే మోకాలు మీద తట్టేటోడు. ఆదివారం ఆయప్ప పక్కన నిలబడేటోడు, నేను చెప్పేదాన్ని. పెద్ద అయ్యగారు కూడా వచ్చి చూసి, కానీమ్మా అన్నాడు. మొదట్లో మగోళ్ళు తలలు దించుకోని ముసిముసిగ నవ్వినారు. తర్వాత వినినారు. వాళ్ళు విన్నది నన్ను కాదు, ఆయప్పను. నేను మాట్లాడుతాంటే వాళ్ళ కండ్లు ఆయప్ప మీదనే ఉండేవి.

మరుసటి వానలప్పుడు డోన్ నుంచి ఒకాయమ్మ వచ్చింది. ప్రవచనాలు చెప్పేది. తెల్లచీర, చేతులకు గాజుల్లేవు, మొగుణ్ణి చిన్నప్పుడే పోగొట్టుకున్న మనిషి. మోసగత్తె అని నేను చెప్పను. ఎవరి కాడా ఏం తీసుకోలేదు, మా ఇంట్లో సంగటి తినింది. మా ఆయప్ప మెడ చూసి, కన్నీళ్ళు పెట్టుకోని చీర చెంగుతో తుడుచుకున్నాది.

మా గేరిలో అప్పుడు ఇంకొక రోగం మనిషి ఉండె. చర్చి ఎనక, మా గోడ పక్కింటి కోడలు. చిన్న పిల్ల. ఛాతీలో టీబీ. దినామూ ఆళ్లగడ్డ సర్కారు ఆసుపత్రికి సూదికి పోయేది. గోలీలు కూడా ఇచ్చినారు. ఆ గోలీలకు ఒంటేలు ఎర్రగా వస్తాది. డాక్టరు ముందే చెప్పినాడంట గానీ, అత్తకు భయం. "నా కోడలి రక్తమంతా పోతాంది" అని గేరంతా ఏడ్చుకుంటా తిరిగేది. కోడలంటే ప్రాణం ఆయమ్మకు.

చర్చిలో కూడిక పెడితే డోన్ అమ్మ కండ్లు మూసుకోని, ఊగుతా చెప్పింది. ప్రభువు నాతో చెప్తాండాడు, ఈ గేరిలో ఒక గొంతు తెరుచుకుంటాది, ఒక ఛాతీ బాగుపడతాది, క్రిస్మసు పండుగ తెల్లారేలోగా. మందు మింగితే నమ్మకం లేనట్లే అనింది.

గేరంతా ఆమెన్ అన్నారు. అందరికన్నా గట్టిగా అనింది నేను. నేల మీద పడి ఏడ్చినా. ఇన్నాళ్ళు దేవుడు మాట్లాడలేదు అనుకుంటే ఇప్పుడు మాట్లాడినాడు అనుకున్నా. లేసి మా ఆయప్ప దిక్కు చూసినా. ఆయప్ప నన్నే చూస్తాండాడు. ఆ చూపు నేను ఈనాటికీ చెప్పలేను. చిన్నబిడ్డ నిద్రలో నవ్వుతాంటే లేపబోయేటోని మాదిరి ఉండాడు.

తెల్లారి ఆ అత్త గోలీలన్నీ మూటగట్టి కాలువలో వేసింది. కోడలు సూదికి పోవడం మానేసింది. వారం తిరిగేసరికి ఆ పిల్ల దగ్గు గోడవతల మా ఇంట్లోకి వినపడతాండె. మా ఆయప్ప గుంజకు ఆనుకోని ఆ దగ్గు వినేటోడు. నేను వినపడనట్ల రాయి తిప్పేదాన్ని.

శనివారం పొద్దున ఆయప్ప మెల్లగా లేసి, కట్టె పట్టుకోని చేను పెద్దాయన ఇంటికి పోయినాడు. వచ్చేటప్పుడు వాళ్ళ జీతగాడు ఎనక కాడిమాను మోసుకోని వచ్చినాడు. ఎద్దుల మెడ మీద వేసేది. "పెద్దాయన ఇచ్చినాడమ్మా. దున్నేదానికి ఏం లేదు కదా ఎందుకంట అని అడగమన్నాడు" అని వాకిట్లో పెట్టి పోయినాడు.

దాన్ని చూస్తానే నాకు తెలిసింది. ఆ కత నాకు ఎప్పుడో చదివినాడు. యిర్మీయా మెడ మీద కాడి వేసుకోని తిరిగిన కత.

"నేను చెప్పను" అన్నా.

నా నోరు చూపిచ్చినాడు.

"నువ్వెంత తట్టినా చెప్పను. దేవుడు నిన్ను బాగు చేస్తా అని చెప్పినాడంటే, కాదు చెప్పలేదు అని నన్ను చెప్పమంటావా? నా మొగుడు సచ్చిపోతాడు అని నా నోటితో నేను చెప్పాల్నా? అంతమంది ముందర?"

ఆయప్ప గోడ దిక్కు చెయ్యి చూపిచ్చినాడు. అవతల ఆ పిల్ల దగ్గుతాండాది.

"ఆ పిల్లకు నేను పోయి చాటుగా చెప్తా, సూదికి పొమ్మని."

తల అడ్డంగా ఊపినాడు. అత్త వినదు. గేరి వినదు. అందరి ముందర వచ్చిన మాటకు అందరి ముందరే జవాబు రావాల. ఆయప్ప అంత సైగ చేయలేదు, నాకే తెలిసిపోయింది. ఇన్నాళ్ళు ఆయప్ప నోరుగా ఉండి ఉండి, చేయని సైగలు కూడా తెలుస్తాండె.

"నువ్వు మటుకు బతకాలని లేదా నీకు?" అని అరిచినా.

అప్పుడు ఆయప్ప నా చెయ్యి తీసుకోని తన ఛాతీ మీద పెట్టుకున్నాడు. పెదవులు కదిలించినాడు. శబ్దం లేదు. ఆమెన్ అన్నాడు. మళ్ళీ అన్నాడు. డోన్ అమ్మ చెప్పిన దినాన ఆయప్ప కూడా లోపల ఆమెన్ అన్నాడన్నమాట. ఇద్దరం ఆ కాడిమాను పక్కన కూచోని ఏడ్చినాం.

ఆదివారం ఆయప్ప దాన్ని మెడ మీద వేసుకోని చర్చికి నడిచినాడు. ఒక కొన నేను పట్టుకున్నా. గేరి పొడుగునా నవ్వులు.

"ఏందప్పా ఉపదేశీ, ఎద్దులు దొరకలేదా?"

"రెండో ఎద్దు యాడ? ఉపదేశమ్మేనా?"

లోపలికి పోయి నిలబడినాం. డోన్ అమ్మ ఊర్లో లేదు, వేరే ఊరు పోయింది. కోడలూ అత్తా ముందర చాప మీద కూచోని ఉండారు. నేను చెప్పినా. నా గొంతు నాదే కాదు అనిపించింది.

"అప్పుడు దేవుని జనం పరాయి రాజు చేతికి చిక్కినారు. ఈ కాడి మొయ్యండి, మోస్తే బతుకుతారు అని యిర్మీయాతో దేవుడు చెప్పినాడు. ఆయప్ప కాడి మెడ మీద వేసుకోని చూపిచ్చినాడు. హనన్యా అనే ఇంకొక ప్రవక్త వచ్చి, లేదు, రెండేండ్లలో దేవుడు దీన్ని విరగ్గొడతాడు, పోయిందంతా తిరిగొస్తాది అన్నాడు. అది విని యిర్మీయా ఏమన్నాడో తెల్సునా? ఆమెన్ అన్నాడు. దేవుడు అట్లే చెయ్యనీ అన్నాడు. ఆయప్పకు మటుకు జనం ఏడవాలని ఉంటాదా? అందరికన్నా ఎక్కువ ఆశ ఆయప్పకే. కానీ దేవుడు ఆ మాట చెప్పలేదు. హనన్యా ఆ కాడి లాక్కోని విరగ్గొడితే, జనానికి సంతోషమైంది. ఆ సంతోషమే వాళ్ళను చంపింది."

ఆడ ఆగిపోయినా. ఆయప్ప తట్టలేదు. ఊరికే నా దిక్కు చూసినాడు.

"సూదులు, గోలీలు ఈ పిల్ల కాడి. మోస్తే బతుకుతాది. వద్దని దేవుడు చెప్పలేదు. మా ఆయప్ప గొంతు తెరుచుకుంటాదని కూడా దేవుడు చెప్పలేదు. చెప్పుంటే మీకన్నా ముందు నేను నమ్ముదును. డాక్టరు చెప్పింది మేం ఇద్దరమూ విన్నాం. మా ఆయప్ప పోతాడు."

అత్త లేసి నిలబడింది.

"ఏం మనిషివే నువ్వు! మొగుడు బతుకుతాడంటే వద్దనే ఆడదాన్ని ఇప్పుడు చూస్తాండా. నీ తాళి నువ్వే తెంచుకుంటావా? నీకు పిల్లోళ్ళు లేరు, నీకేం తెలుసు ఇంట్లో రోగం మనిషి ఉంటే?"

"అత్తా" అన్నా.

ఎవరో ఎనక నుంచి, "ఇది ఆయప్ప మాటనా, నీ మాటనా?" అన్నారు. ఆయప్ప కాడి కింద నుంచి చెయ్యెత్తి తన రొమ్ము చూపిచ్చినాడు. కాడిమాను ఆ కమిలిన మెడ మీద ఒరుసుకుంటాంది, రసి కారుతాంది. నేను దాన్ని ఎత్తి కిందికి దించినా. దించేటప్పుడు నాకు హనన్యానే గుర్తొచ్చినాడు. ఆయప్ప కూడా ఇట్లే తీసినాడు కదా ప్రవక్త మెడ మీద నుంచి. నాకు విరగ్గొట్టే బలమే ఉంటే విరగ్గొడుదును. ముక్కలు ముక్కలు చేసి పొయ్యిలో పెడుదును. మెల్లగా నేల మీద పెట్టినా, అంతే.

కోడలు అడిగింది. "అక్కా, అయితే రేపు నన్ను సూదికి పొమ్మంటావా?"

"పో అమ్మా."

అత్త చెంగు నోట్లో కుక్కుకున్నాది. చివరికి, "ఒక్కదాన్నే ఎట్ల పంపీను. బస్సులో పడిపోతే? నేను కూడా పోతా" అని కోడలి చెయ్యి పట్టుకోని బయటికి పోయింది. నా దిక్కు చూడలేదు. చానాళ్ళు చూడలేదు.

వరి కోతలప్పుడు మా ఆయప్ప పోయినాడు. సాయంత్రం. గంజి నీళ్ళు చెంచాతో పోస్తాంటే పక్కకు కారిపోయినాయి. తుడిచినా. మళ్ళీ పోసినా. మళ్ళీ కారినాయి. అప్పుడు తెలిసింది.

తెల్లారి పెద్ద అయ్యగారు నంద్యాల నుంచి వచ్చినాడు. గేరంతా వచ్చినారు, చేను పెద్దాయన కూడా వచ్చి వాకిట్లో నిలబడినాడు. అందరూ అడిగేది ఒకటే. చివరి మాట ఏం చెప్పినాడు? ప్రవక్తల్ని అంత చదివిన మనిషి, ఒక మాట చెప్పకుండా పోతాడా? నువ్వే కదా ఆయప్ప నోరు, చెప్పు. ఒక్క మాట చెప్పింటే వాళ్ళకు ఎంత ఆదరణగా ఉండునో. నా బిడ్డలారా భయపడవద్దు అన్నాడని చెప్పింటే చాలు. ఎవరు చూసినారు? కానీ ఆయప్ప నాకు ఏం నేర్పిచ్చి పోయినాడు?

"ఏం చెప్పలేదు" అన్నా.

ఒకాయమ్మ, "ఏడవొద్దు ఉపదేశమ్మా, నువ్వు ఏడిస్తే మాకెవరు ధైర్యం చెప్తారు" అనింది. అప్పుడు ఆ పేరు లేని ఆయమ్మ గుర్తొచ్చింది, యెహెజ్కేలు పెండ్లాం. ఏడవొద్దని దేవుడు ఆ ప్రవక్తకు చెప్పినాడు. నాకు చెప్పలేదు. దేవుడు చెప్పని మాటను నేనెందుకు పాటించాల? గుంజ పట్టుకోని గేరి అదిరిపోయేటట్ల ఏడ్చినా. ఊరవతల చేండ్ల దాకా వినపడిందంట.

క్రిస్మసు వచ్చింది. ఆ పొద్దు తెల్లారకముందే లేసినా. జొన్నలు పోసుకోని రాయి ముందర కూచున్నా. తిప్పలేదు. ఆయప్పను మట్టిలో పెట్టి నెల దాటింది. నాకు తెలుసు, నేనే కదా అందరి ముందర చెప్పింది. అయినా క్రిస్మసు పండుగ తెల్లారేలోగా అని కదా ఆయమ్మ చెప్పింది. ఇంకా తెల్లారలేదు. గుంజ దిక్కు చూస్తా కూచున్నా. బుడ్డి కూడా ఆ పక్కనే పెట్టినా, ఎప్పుడూ పెట్టే చోట. ఒక గొంతు తెరుచుకుంటాది అనింది కదా.

గోడవతల కోడలు లేసి వాకిలి ఊడుస్తాంది. దగ్గలేదు. పరక చప్పుడు ఆగకుండా ఈ కొన నుంచి ఆ కొన దాకా పోయింది. అత్త లోపల నుంచి, "చాల్లే మే, చలి తగుల్తాది, లోపలికి రా" అంటాంది. ఆ ఇంట్లో పండుగ.

చర్చి గంట కొట్టినారు. ఎవరో కొత్తోళ్ళు కొట్టినారు, దెబ్బ సరిగ్గా పడలేదు. తెల్లారింది.

ఏ గొంతూ తెరుచుకోలేదు. ఆ మాట దేవునిది కాదని నేను ఒప్పుకుంటా, ఎవరు అడిగినా అదే చెప్తా. కానీ ఆ పొద్దు రాయి పిడి పట్టుకోని, బయటికి వినపడకుండా, ఆయమ్మ మాటకు ఇంకొకసారి ఆమెన్ అన్నా. యిర్మీయా కూడా అన్నాడు కదా. తర్వాత రాయి తిప్పినా, ఎంత గట్టిగా తిరిగితే అంత గట్టిగా. మెల్లగ తిప్పు మే అనేదానికి ఎవరూ లేరు.